వాకిట నిలిచిన రసీదు పుస్తకం

రంజాన్ మాసం ప్రవేశించినది మొదలు షవ్వాల్ నెలవంక కనిపించేవరకు మా యింటి వాకిలి తలుపునకు విశ్రాంతి వుండదు. రసీదు పుస్తకం చంకన పెట్టుకొన్న మదర్సా సఫీర్లు ఒకరి తరువాత ఒకరు వస్తూనే వుంటారు. తక్కిన పదకొండు నెలలూ తలుపు నిద్రపోతుందనుకొంటే అదీ పొరపాటే. పండుగ చందాలకు వచ్చే వీధి బాలురు, మెడలో గుర్తింపు కార్డు వ్రేలాడదీసుకొని అనాథాశ్రమం పేరు చెప్పే యువకులు, ఆసుపత్రి కాగితాలను ప్లాస్టిక్ సంచిలో భద్రపరచుకొని వచ్చే తల్లులు, నీళ్ళు శుద్ధిచేసే యంత్రం అమ్మజూపేవారు, అందరికీ దారి ఆ తలుపే. పోనీ, గడియ వేసుకొని లోపల కూర్చుందామంటే చేతిలోని ఫోను మ్రోగుతుంది. అప్పు కావలెనా అని ఒక కంఠం, స్థలం కొంటారా అని మరొక కంఠం. పిలువని పేరంటానికి వచ్చిన వీరందరితో గృహస్థు ఏ విధంగా మెలగవలె? చూడడానికి ఇది అల్పమైన ప్రశ్న. కాని మన నీతికి నిత్యమూ జరిగే పరీక్ష ఇదేనని మా అభిప్రాయం.

వాకిట నిలిచి అడగడం మన దేశంలో కొత్త కాదు. సంక్రాంతికి హరిదాసు వచ్చేవాడు, గంగిరెద్దును ఆడించేవాడు వచ్చేవాడు. నెమలి ఈకల కట్టతో, సాంబ్రాణి ధూపంతో ఫకీరు వచ్చేవాడు. ఆ ఫకీరు హిందువుల యిండ్లకూ వెళ్ళేవాడు, హరిదాసు అక్షయపాత్రలో ముసల్మానుల యింటి గింజలూ పడేవి. ఇంతెందుకు, మా అధ్యాపకవృత్తి మాత్రం ఏమంత దూరం? దసరా వచ్చిందంటే విల్లంబులు చేతబట్టిన పిల్లలను వెంటబెట్టుకొని పద్యాలు పాడిస్తూ, పల్లెల్లో పంతులుగారు ఇల్లిల్లూ తిరిగే ఆచారం మన తాతల కాలంలో వుండేది. పిల్లలకు పప్పుబెల్లాలు, పంతులుగారికి సంభావన. నేడు నెలజీతం అందుకొంటున్న మేము ఆ గురుపరంపరకు వారసులమే. కావున రసీదు పుస్తకాన్ని చూచి ముఖం చిట్లించే అధికారం మాకు అందరికన్న తక్కువ.

చరిత్రలో పెద్ద కార్యాలు సైతం చిన్న గడపల ముందే మొదలైనవి. 1866లో స్థాపితమైన దేవబంద్ దారుల్ ఉలూమ్, ప్రభుత్వపు ఆస్థిర పోషణ కన్న సామాన్య ప్రజల చందాయే మేలన్న సిద్ధాంతాన్ని మౌలానా ఖాసిం నానౌతవీ సూత్రాల ద్వారా స్వీకరించింది. రంజాన్‌లో సఫీరు మన వాకిలికి రావడానికి మూలం ఆ సంప్రదాయంలో వున్నది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో 1875లో ప్రారంభించిన పాఠశాల 1920లో విశ్వవిద్యాలయమైనది. దాని నిధుల కోసం ఆ పెద్దమనిషి ఎందరి ముందు చేయి చాచెనో, ఎన్ని పరిహాసాలు సహించెనో చదువుకొన్నవారికి తెలుసు. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని నిర్ణయించినప్పుడు, ఆ కోటిలో స్త్రీల గాజులూ గొలుసులూ కూడా చేరినవి. ఆనాడు తలుపులన్నీ మూసుకొని వుంటే ఏమయ్యేదో ఆలోచించవలె.

ఇంత తెలిసిన మేము కూడా తలుపు మూసినవారమే. ఎట్లు మూసితిమో చెప్పుకొనడానికి సిగ్గుగా వున్నా, చెప్పకుంటే ఈ వ్యాసానికి అర్థం లేదు.

కొన్నేండ్ల క్రిందట ఒక యువకుడు మా యింటికి వచ్చినాడు. శుభ్రమైన తెల్లని దుస్తులు, మర్యాదగల మాట, నున్నని కాగితంపై అచ్చైన రసీదులు, వాటి వెనుక అనాథ బాలుర ఛాయాచిత్రం. మేము రెండు వేల రూపాయలు ఇచ్చినాము. ఇచ్చి కొంత గర్వించినాము కూడా. నెల తిరుగకముందే ఆ యూరివాడైన మిత్రుడొకడు రసీదు చూచి నవ్వినాడు. అక్కడ అట్టి సంస్థ లేదట. రసీదు మీది నంబరుకు ఫోను చేస్తే అది వాడుకలో లేదని యంత్రం పలికింది. పోయినది రెండు వేలే. కాని దానితోపాటు పోయిన వస్తువు మరొకటి వున్నది. నాటినుండి వాకిట నిలిచిన ప్రతి మనిషిలోనూ మాకు ఆ యువకుడే కనిపించసాగినాడు. మోసగాడు మన ధనాన్ని ఒకమారే దోచుకొంటాడు. మన విశ్వాసాన్ని మాత్రం అతడు వెళ్ళిపోయిన తరువాత కూడా దోచుకొంటూనే వుంటాడు.

తరువాతి రంజాన్‌లో ఒక వృద్ధుడు వచ్చినాడు. ఎండ వేళ, ఉపవాసం మీద వున్నాడు కాబోలు, పెదవులు ఎండి వున్నవి. ఆయన సలాము పూర్తి కాకముందే మేము తలుపు సగం మూసి, "ఏమీ లేదు, వెళ్ళండి" అన్నాము. ఆయన రసీదు పుస్తకాన్ని సంచిలో పెట్టుకొని ప్రక్క యింటివైపు నడిచినాడు. మరునాడు తలుపు చప్పుడైనప్పుడు మేమూ, మా గృహిణీ వంటింట్లోనే వున్నాము. ఏడేండ్ల మా అమ్మాయి పరుగెత్తి వెళ్ళి, మేమెవరమూ చెప్పకుండానే, "ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు" అని చెప్పి వచ్చింది. అబద్ధమాడినందుకు దాని ముఖంలో జంకు లేదు. ఇంటి పని ఒకటి చక్కబెట్టిన తృప్తి కనిపించింది. మేము మందలించలేకపోయినాము. మా వాకిట ఆ బిడ్డ ఏమి చూచిందో అదే నేర్చుకొన్నది.

ఆ వారమే మేము ద్వితీయ సంవత్సరం తరగతిలో పోతన భాగవతంలోని వామన చరిత్ర బోధిస్తున్నాము. వటువు మూడడుగులు అడిగిన ఘట్టం వచ్చినది. మేము హాస్యానికి, "ఈ రోజుల్లో అయితే చేతిలో రసీదు పుస్తకం కూడా వుండేది" అన్నాము. తరగతి ఘొల్లున నవ్వింది. వెనుక బల్లపై ఒక విద్యార్థి మాత్రం నవ్వలేదు. గంట కొట్టిన తరువాత అతడు మా వద్దకు వచ్చి నెమ్మదిగా, "సార్, మా నాయన ఆ పనే చేస్తాడు. మదర్సాకు సఫీరు. రోజుకు నలభై యిండ్లు తిరుగుతాడు. డబ్బు ఇయ్యనోళ్ళ మీద ఆయనకు కోపం లేదు సార్. సలాముకు బదులు చెప్పనోళ్ళ గురించే ఇఫ్తార్ అయినాక అమ్మతో చెప్తుంటాడు" అన్నాడు. మేము త్రిప్పి పంపిన వృద్ధుడు ఆయనేనా అని అడగడానికి మాకు నోరు రాలేదు. ఈనాటికీ మాకు తెలియదు.

ఆ రాత్రి వామన చరిత్రను మరొకమారు చదివినాము, ఈసారి పాఠం చెప్పడానికి కాదు. పిలువకుండా వచ్చిన యాచకుని ఎదుట గృహస్థు పడే సందిగ్ధమంతా అందులో వున్నది. వచ్చినవాడు కనిపిస్తున్నట్టివాడు కాడని శుక్రాచార్యులు హెచ్చరించినాడు. ఆ హెచ్చరిక తప్పు కాదు. వచ్చినవాడు నిజంగానే వేరొకడు. అయితే ఆచార్యుడు అక్కడితో ఆగక, ఆపదలో బొంకినా దోషం లేదని కూడా ఉపదేశించినాడు. బలి ఆ హెచ్చరిక విన్నాడు, బొంకు మాత్రం నిరాకరించినాడు. మనమందరం బలులము కాలేము, కావలసిన పని కూడా లేదు. కాని శుక్రుని రెండు మాటలను విడదీసి చూడడం అవసరం. విచారించుమన్నది వివేకం. బొంకుమన్నది వివేకం కాదు. నేటి గృహస్థులమైన మనం మొదటి మాటను వదలి రెండవదాన్ని పట్టుకొన్నాము: విచారించము, బొంకుతాము.

మా ధర్మగ్రంథం ఈ విషయంలో మనకు బొంకే అవసరమే లేకుండా చేసింది. ఖుర్‌ఆన్‌లోని నూర్ సూరా 27, 28 ఆయతులు పరుల యిండ్లలో ప్రవేశించడానికి ముందు అనుమతి కోరవలెననీ, సలాము చెప్పవలెననీ, తిరిగి వెళ్ళుమంటే తిరిగి వెళ్ళవలెననీ, అదే నిర్మలమైన పద్ధతి అనీ ఆదేశిస్తున్నవి. మూడుమార్లు అనుమతి కోరినా లభించకపోతే మరలిపొమ్మని ప్రవక్త మహమ్మద్ వారి బోధ. అంటే "ఇప్పుడు వీలుకాదు" అని చెప్పే హక్కు గృహస్థునికి వున్నది. దానికి నొచ్చుకొనకుండా మరలవలసిన బాధ్యత వచ్చినవానికి వున్నది. హక్కు వున్నచోట అబద్ధం ఎందుకు? అదే గ్రంథం జుహా సూరాలో యాచకుని కసరి కొట్టవద్దని శాసించింది. బఖరా సూరా 263వ ఆయతు, ఇచ్చి నొప్పించడం కంటె మంచి మాట చెప్పి పంపడం మేలని బోధించింది. ఈ మూడింటినీ కలిపి చదివితే తేలేది ఒకటే: లేదనవచ్చును, కసరరాదు. ఈ నీతికి మతభేదం లేదు.

ఇక మరొక జ్ఞాపకం. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ నదులు పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచెత్తినప్పుడు మేము విద్యార్థి దశలో వున్నాము. మా యింటి క్రింది భాగం మునిగింది. పుస్తకాలు, బియ్యం, పరుపులు అన్నీ బురద. కొన్ని రోజులు మేము తిన్న అన్నం, కట్టిన బట్ట, కప్పుకొన్న దుప్పటి పరులవి. ఒక చొక్కా జేబులో చాకలి గుర్తు అట్లాగే వున్నది. ఎక్కడో ఏదో వూరిలో ఎవరో యువకులు ఇల్లిల్లూ తిరిగి, వాకిట నిలిచి, మాకోసం ఆ చొక్కాను అడిగి తెచ్చినారు. ఆ గృహస్థుడు వారిని విచారించెనో లేదో, విసుగుకొనెనో లేదో మాకు తెలియదు. తలుపు మాత్రం తెరిచినాడు. పై చేయి క్రింది చేయి కన్న ఉత్తమమని హదీసు. కాని పై చేయిగా వున్నవాడు తానూ ఒకనాడు క్రింది చేయిగా వున్న సంగతి మరువడం అంత హీనం మరొకటి లేదు.

"క్షేత్రమెరిగి విత్తనము, పాత్రమెరిగి దానము" అన్న సామెతను మిత్రులు మాకు గుర్తుచేస్తారు. వాస్తవమే. అపాత్రదానం వలన మోసగానికి బలం, నిజమైన పేదకు నష్టం. కాని ఈ సామెత పాత్రను ఎరుగుమని చెప్పుచున్నదే గాని, ఎరుగకుండానే తలుపు వేయుమని చెప్పుట లేదు. విత్తనం పాడైపోతుందనే భయంతో చల్లడమే మానిన రైతును ఎవరూ వివేకి అనరు. ఎరుగడానికి కొంత శ్రమ పడవలె. ఆ శ్రమ తప్పించుకొనడానికే మనం కోపాన్ని వాడుకొంటున్నామేమో అని మా అనుమానం.

ఆ శ్రమను సులభం చేసుకొనడానికి మా యింట్లో కొన్ని నియమాలు ఏర్పరచుకొన్నాము. ఇవి ఆదర్శాలని చెప్పము, అనుభవంలో పనికివచ్చినవి మాత్రమే.

మొదటిది, జకాత్ లెక్క రంజాన్‌కు ముందే వేసుకొనడం. ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి విలువకు మించిన సొత్తు ఏడాదిపాటు వున్నవారు అందులో నలభయ్యవ వంతు, అనగా నూటికి రెండున్నర చొప్పున చెల్లించవలె. తౌబా సూరా 60వ ఆయతు దీనికి అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. ఆ లెక్క తేలినప్పుడే బంధువులలో, వీధిలో అడగలేక మౌనంగా వున్నవారి భాగం ముందుగా తీసి వుంచుతాము. ఎందుకంటే ఆత్మాభిమానం చేత నోరు విప్పని పేదల గురించి బఖరా సూరాయే మనకు గుర్తుచేస్తున్నది. వారు మన తలుపు తట్టరు. మనమే వారి తలుపు తట్టవలె. మిగిలిన దానిలో వాకిటికి వచ్చేవారికి ఒక మొత్తం నిర్ణయిస్తాము. అది అయిపోతే "ఈ యేడు మా శక్తి ఇంతే" అన్న మాట నిజమే అవుతుంది.

రెండవది, విచారణ. మదర్సా తరఫున వచ్చినవారి వద్ద పెద్దలిచ్చిన తస్దీఖ్‌నామా వుంటుంది. దాన్ని చూడమని అడగడం అవమానం కాదు. నిజమైన సఫీరు తానే ముందుగా తీసి చూపుతాడు. విద్యార్థులెందరు, భోజన వసతి వున్నదా, లెక్కలు ఎవరు చూస్తారు అని కూర్చోబెట్టి అడుగుతాము. చిన్న మొత్తం అక్కడికక్కడే ఇస్తాము. పెద్ద మొత్తమైతే సంస్థ పేరిట వున్న బ్యాంకు ఖాతాకే పంపుతాము, వ్యక్తి ఫోనులోని క్యూఆర్ గుర్తుకు కాదు. 2017 నాటి కేంద్ర బడ్జెట్ తరువాత రెండు వేల రూపాయలకు మించిన నగదు దానానికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా లేదు. ఆ నియమాన్ని ముందే తెలిసివుంటే మా మొదటి అనుభవం వేరుగా వుండేది కాదు గాని, "ఖాతా వివరాలివ్వండి" అని అడిగి వుంటే తప్పక వేరుగా వుండేది.

మూడవది, ఒంటరిగా వున్న స్త్రీలు, వృద్ధులు, పిల్లలు అపరిచితులకు తలుపు తీయనక్కరలేదు. కిటికీనుండి "ఇప్పుడు తలుపు తీయలేము, సాయంత్రం రండి" అనవచ్చును. అది నిజమూ, మర్యాదా, భద్రతా మూడూ కలిసిన మాట. మా అమ్మాయికి ఇప్పుడు నేర్పినది ఆ మాటే.

నాల్గవది, ఇచ్చినా ఇవ్వకపోయినా సలాముకో నమస్కారానికో బదులు చెప్పడం, ఉపవాసం లేనివారైతే మంచినీళ్ళు అడగడం. దీనికి రసీదు అక్కరలేదు.

ఫోను సంగతి కొంత భిన్నం. తలుపు తట్టినవాడు బయట నిలుచుంటాడు. ఫోను చేసినవాడు అనుమతి లేకుండానే నమాజు చాపపైకి, భోజనపు పళ్ళెం ముందుకు వచ్చి కూర్చుంటాడు. 1909 నంబరుకు తెలిపి ప్రచారపు పిలుపులు వద్దని నమోదు చేసుకొనే హక్కు ప్రతి వినియోగదారునికీ వున్నది, వినియోగించుకొనేవారు తక్కువ. అటువైపు మాట్లాడేది చాలాసార్లు మన కళాశాలల్లోనే పట్టా పుచ్చుకొన్న బిడ్డ. దినానికి ఇన్ని పిలుపులని లెక్క కట్టి కూర్చోబెట్టిన ఉద్యోగం. అతణ్ణి తిట్టి మనం సాధించేది లేదు. ఆశ చూపి పది నిమిషాలు సాగదీయడం కూడా దయ కాదు. "నాకు అవసరం లేదు, నమస్కారం" అని ఒక్క మాటతో ముగిస్తే అతని కాలమూ మన కాలమూ మిగులుతవి. అయితే పోలీసులమని బెదిరించి, 'డిజిటల్ అరెస్టు' అని భయపెట్టి, డబ్బు పంపుమనేవాడు వేరు. అట్టి అరెస్టు మన చట్టంలో లేనే లేదు. అక్కడ మర్యాద కూడా అనవసరం. ఫోను పెట్టివేయవలె, సొమ్ము పోయివుంటే వెంటనే 1930కి తెలపవలె.

గృహస్థునికే ఇన్ని నీతులు చెప్పి సేకరించే సంస్థలను వదలిపెడితే అన్యాయమవుతుంది. వసూలైన దానిలో ఇంత వంతు అని సఫీరుకు వాటా ఇచ్చే పద్ధతిని ధర్మశాస్త్రవేత్తలు పెక్కుమంది అంగీకరించరు. వృద్ధులను ఎండలో పంపే సంస్థ వారికి నియతమైన జీతం ఇవ్వవలె. వచ్చినదీ ఖర్చైనదీ ఏటేటా అచ్చువేసి, ఆ కాగితాన్ని రసీదుతోపాటు చేతిలో పెట్టవలె. లెక్క చూపే సంస్థ పెరిగినకొద్దీ మోసగాడు నిలిచే చోటు తగ్గుతుంది. మంచి సంస్థలు మౌనంగా వున్నంతకాలం దొంగ రసీదులకు అవే నీడనిస్తాయి.

విద్యార్థులారా, మీలో రేపు ఇచ్చేవారు వుంటారు, అడిగేవారూ వుంటారు. మన కళాశాల జాతీయ సేవా పథకం విభాగం వారు ఈ యేడు ఒక చిన్న పని తలపెట్టితే బాగుంటుందని మా సూచన. మన పట్టణంలో చందాలు సేకరించే విద్యా, సేవా సంస్థలను స్వయంగా దర్శించి, వాటి చిరునామా, ఖాతా, పిల్లల సంఖ్యలతో ఒక జాబితా తయారుచేయవలె. మసీదుల్లో, ఆలయాల్లో, చర్చిల్లో ఆ ప్రతి వుంటే గృహస్థునికి అనుమానం తగ్గుతుంది, సఫీరుకు అవమానం తగ్గుతుంది. ఆ పనికి మీరు వీధి వీధి తిరగవలసి వస్తుంది; తలుపులు తట్టవలసి వస్తుంది. కొన్ని తలుపులు మీ ముఖం మీదనే మూతపడవచ్చును. ఆ అనుభవం కూడా విద్యలో భాగమే.

ఈ మాటలు వ్రాస్తుండగానే మా గేటు చప్పుడైంది. మా అమ్మాయి లేచి మావైపు చూచింది. "ఎవరో కనుక్కో అమ్మా, నేను వస్తున్నానని చెప్పు" అన్నాము. కలం ప్రక్కన పెట్టి లేస్తున్నాము.